మూడు ఫ్రీ సిలిండర్లా, పెట్రోల్ మీద వ్యాట్ తగ్గింపా?

గోదారోడు:
ఏపీలో దీపం-2 అనే గ్యాస్ స్కీమ్ 2024 నవంబర్ 1న మొదలైంది, ఏడాదికి 3 సిలిండర్లు ఫ్రీ, ఖర్చు ఏడాదికి సుమారు 2,684 కోట్లని గవర్నమెంటే చెప్పింది. ఇంకోపక్క పెట్రోల్ మీద రాష్ట్రం వేసే పన్ను, అదే వ్యాట్, 31 శాతం, దానిపైన లీటర్‌కి 4 రూపాయలు, మళ్ళీ రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కోవడమేగా ఇది? ఆ డబ్బుతో వ్యాట్ తగ్గించండి, అందరికీ మేలు.

కట్టెలపొయ్యి:
అందరికీ ఒకేలా కాదు అన్నా. కారున్నాయన నెలకి 100 లీటర్లు కొట్టిస్తాడనుకో, బండి మీద పనికెళ్ళేవాడు 8 లీటర్లు, లీటర్‌కి 3 రూపాయలు తగ్గిస్తే ఆయనకి 300, ఇతనికి 24. మా అమ్మ సంగతే చెప్తా, కనెక్షన్ వచ్చిన ఏళ్ళ తర్వాత కూడా టీకి, చుట్టాలొచ్చినప్పుడు కూరకి తప్ప గ్యాస్ వెలిగించేది కాదు, అన్నం, నీళ్ళు కాగబెట్టడం అంతా కట్టెల మీదే, ఊదుగొట్టంతో ఊది ఊది రాత్రంతా దగ్గేది. ఫ్రీ సిలిండర్ వచ్చాకే అన్నం కూడా గ్యాస్ మీదకి ఎక్కింది. నాకు నచ్చనిది ఒక్కటే, ముందు మనం డబ్బులు కట్టి తర్వాత అకౌంట్‌లో పడేదాకా చూడాలని స్కీమ్ మొదలుపెట్టినప్పుడు పెట్టిన పద్ధతి. కూలీ ఇంట్లో ఒకేసారి అంత డబ్బు ఎక్కడుంటుంది? తెలంగాణలో 500కి సిలిండర్ స్కీమ్ వాళ్ళకైనా, కేంద్రం ఇచ్చే ఉజ్వల కనెక్షన్ వాళ్ళకైనా అదే ఇబ్బంది.

లెక్కలమాస్టారు:
రేటే తగ్గించి అందరికీ ఇస్తే ఏమవుతుందో చూశాం. 2005 తర్వాత కేంద్రం రేట్లు పెరగకుండా ఆపి, ఆ నష్టానికి ఆయిల్ కంపెనీలకి డబ్బు బదులు లక్షా 30 వేల కోట్ల పైనే బాండ్లు, అంటే అప్పు పత్రాలు, ఇచ్చింది, ఆ అప్పు తర్వాతి ప్రభుత్వాలు తీర్చుకుంటూ వచ్చాయి. పెట్రోల్ రేటు 2010లో, డీజిల్ రేటు 2014లో మార్కెట్‌కి వదిలేశారు. అయితే 2020లో క్రూడ్ (ముడి చమురు) రేటు పడిపోతే ఆ లాభం మనదాకా రాలేదు, పెట్రోల్ మీద కేంద్రం వేసే ఎక్సైజ్ పన్ను లీటర్‌కి 32.98 రూపాయలు అయింది. రాష్ట్రానికి చూస్తే 2017లో జీఎస్టీ వచ్చాక సొంతంగా రేటు పెట్టుకోగలిగేవి పెట్రోల్, మందు, రిజిస్ట్రేషన్లు లాంటివే మిగిలాయి, వ్యాట్ వదిలితే జీతాలకి, పెన్షన్లకి ఎక్కడ తేవాలి?

గోదారోడు:
పెట్రోల్ సంగతి ఒప్పుకుంటా, సిలిండర్లు ఆపమన్నది తప్పే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. డీజిల్ మాత్రం వదలను. ట్రాక్టర్ దుక్కి డీజిల్‌తోనే, మదనపల్లె టమాటా లారీ ఎక్కేది డీజిల్‌తోనే, ఆ కిరాయి రైతుకొచ్చే రేట్లోనే కోసేస్తారు. కట్టెలపొయ్యి అన్నా, మీ అమ్మగారు వండే కూరలో కూడా ఆ వ్యాట్ ఉంది. డీజిల్ మీద రెండు రూపాయలు తగ్గించినా చాలు, అడిగేది అదే.