అప్‌డేట్: మా ఫెరెట్‌కి రేబిస్ టీకా పడింది

పోయిన నెల అడిగాను కదా, తిరుపతిలో ఫెరెట్‌కి (చూడ్డానికి ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువు) రేబిస్ టీకా వేస్తారా, కుక్కలకు వేసేదే పనికొస్తుందా అని. నిన్న వేయించాం.

మొదటి క్లినిక్‌లో బుట్ట మూత తీయగానే "ముంగిసను పెంచుతున్నారా? ఫారెస్టోళ్లు కేసు పెడతారు" అన్నారు. ముంగిస కాదని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా వేయలేదు.

రెండోచోట డాక్టరమ్మ ఓపిగ్గా చూశారు. కుక్కలకు వేసే దానిలాగే విదేశాల్లో ఫెరెట్లకు వేసేదీ చంపిన వైరస్‌తో చేసిన టీకానేనట. మూడు నెలలు నిండాక ఒక డోసు, తర్వాత ఏడాదికోసారి. పనిలో పనిగా కుక్కల డిస్టెంపర్ (ఒక ప్రమాదకరమైన వైరస్ జబ్బు) కాంబో టీకా కూడా వేయమంటే ఒప్పుకోలేదు. అందులో ఉండేది బతికున్న వైరస్, దానివల్లే ఫెరెట్‌కి జబ్బు రావచ్చన్నారు. అడగడమే మంచిదైంది.

వేలికి గుడ్డుసొన రాసి దానిచేత నాకిస్తుంటే మెడ వెనక చర్మం పట్టి సూది వేశారు. దానికి తెలియనే లేదు. రియాక్షన్ వస్తే వాంతులు, విరేచనాలు త్వరగానే మొదలవుతాయని అరగంట కూర్చోబెట్టారు. టెన్షనంతా మా అమ్మదే. అది మాత్రం నా చొక్కా చేతిలో దూరి పడుకుంది.

కార్డులో "జంతువు" దగ్గర పిల్లి అని కొట్టేసి ఫెరెట్ అని రాశారు.