వాచ్ అంటే ఒట్టి చూసుడేనా?

ఇంగ్లిష్ మాట వాచ్‌కు తెలుగు చెప్పండని పొద్దున ఈ గ్రూపుల ఒకరు అడిగితే, పదిమంది ‘చూచు’ అని రాసి ఊరుకున్నరు. నాకది చాలలేదు.

మాది పాలమూరుల అచ్చంపేట దిక్కు. పల్లిచేను ఊడలు దిగి కాయ పట్టే యాళ్లకు అడవిపందులు మోపైతయి. మా చిన్నాయన బువ్వ తిని, దుప్పటి భుజం మీదేసుకొని, బ్యాటరీ లైటు పట్టుకొని పోతడు. ఆ చీకట్ల ఆయనకు కనిపించేది ఏముంటది? నిద్ర ఆపుకుంట నడుమనడుమ రేకుడబ్బా కొడుతుంటడు, అంతే. ఏడికి పోయిండని అడిగితే మా చిన్నమ్మ ‘చేను చూడవోయిండు’ అనదు, ‘కావలి వోయిండు’ అంటది. చూడవోవుడంటే పొద్దుగాల పోయి పైరు ఎట్లున్నదో చూసి మర్లివచ్చుడు.

వాచ్‌కు సరిజోడు ఈ కావలే. ఇంగ్లిష్‌ల వాచ్, వేక్ (మేలుకొనుడు) అక్కచెల్లెండ్లు. పాత ఇంగ్లిష్‌ల వాచ్ అర్థం మేలుకొని ఉండుడు. చూపు తర్వాత వచ్చి చేరింది. ఓడల మీద 4 గంటల కాపలా వంతును కూడా వాచ్ అనే అంటరు, మనకు 3 గంటలకు ఒక జాము ఉన్నట్టు. క్రికెట్‌ల సాయంత్రం పూట వికెట్ పడితే, మంచి బ్యాటర్‌ను దాచిపెట్టి ఎవరో బౌలర్‌ను బ్యాటింగ్‌కు దింపుతరు చూడండి, ఆ నైట్‌వాచ్‌మన్ పనీ కావలే. చేతి వాచీ కూడా ఈ ఇంటిదే.

తమాషా ఏందంటే, మన ‘జాగ్రత్త’ కూడా ఇదే తొవ్వల వచ్చింది. సంస్కృతంల జాగ్రత్ అంటే మేలుకొని ఉన్నది. శివరాత్రి జాగారం, ‘బస్సు దిగేటప్పుడు జాగ్రత్త’, రెండింటికీ వేరు ఒకటే. అందుకే ‘వాచ్ అవుట్’ అంటే జాగ్రత్త. మా దిక్కైతే ‘పైలం’.

ఇగ టీవీకి వాచ్, ఫోటోకు లుక్, హాలుకు పోయి చూసే సినిమాకు ఎక్కువగా సీ అంటరు. మనకు అన్నిటికీ చూడే. అది లోటేం కాదు, మనం చూడుకు తోక తగిలిస్తం. ‘పిల్లను జర చూస్తుండక్కా, బిందె నింపుకొనొస్త’ అంటే అది అచ్చంగా వాచే.

— అన్నా, మా అపార్ట్‌మెంట్ల ఉన్నది ఒక్కడే, అయినా అందరూ వాచ్‌మెన్ అనే పిలుస్తరు. తప్పు కాదా?

— ఇంగ్లిష్‌ల తప్పే, తెలుగుల కాదు. మోటరు వేసుడు, చెత్త తీసుడు, కార్లు కడుగుడు, గేటు కాడ పండుడు, అన్నీ ఆయనే. నలుగురి పని చేసేటోనికి బహువచనం పెడితే ఏమాయె!

— ‘కావలి కాయు’నే ‘కావలి కాచు’ అని కూడా అంటం కదా. మరి ‘పాలు కాచు’ల కాచు కూడా ఈ కావలి కాచేనా?

— రూపం ఒకటే తమ్మీ, అర్థం వేరు. కాకపోతే పాలు కాచేటప్పుడు కాయకపోతే పొయ్యిపాలే. పొద్దున మా ఇంట్ల అదే అయింది, నేను ఈ పోస్టు రాసుకుంట కూసున్న.