ట్యాప్ లేకుంటే ఎంహెచ్‌సీ-1 పూర్తిగా బంద్ అయితదా?

పానగల్లు: ఇంటర్నల్స్‌ల "ట్యాప్ లేని కణం మీద ఎంహెచ్‌సీ-1 ఉండనే ఉండదు" అని రాయలేదని మార్కులు కోసిన్రు. ట్యాప్ అంటే పెప్టైడ్లను (ప్రొటీన్ చిన్న ముక్కలను) కణంలోని ఈఆర్ అనే పొరల అరలోకి మోసేది, ఎంహెచ్‌సీ-1 అంటే వాటిని కణం ఉపరితలం మీద టీ కణాలకు చూపెట్టేది. ట్యాప్ లేని మనిషి కణాలైన టీ2 మీద హెచ్ఎల్ఏ-ఏ2 (ఎంహెచ్‌సీ-1లో ఒక రకం) కనిపిస్తది కదా?

మిర్యాలగూడ ఇమ్యునో: కోసుడు తప్పే తమ్మీ. టీ2లో ట్యాప్1, ట్యాప్2 రెండు జన్యువులూ లేవు. ప్రోటియాసోమ్ (ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం) కోసిన ముక్కలకు సైటోసాల్ (కణద్రవం) నుంచి ఈఆర్‌లోకి దారి మూసుకపోయినట్టే. కానీ సిగ్నల్ పెప్టైడ్లు (కొత్త ప్రొటీన్‌ను ఈఆర్‌కు తీసుకపోయే మొదటి భాగాలు) ఈఆర్ పొర దగ్గర్నే తెగుతయి, వాటి ముక్కలు ట్యాప్‌తో పని లేకుండానే లోపలికి చేరుతయి. నీటికి పొసగని అమైనో ఆమ్లాలు ఎక్కువ కాబట్టి ఏ2లో పెప్టైడ్ పట్టుకునే గాడిలో బాగా కూర్చుంటయి. అందుకే ఏ2 చెప్పుకోదగ్గంత మిగులుతది, అదే కణంలో మరో రకం హెచ్ఎల్ఏ-బీ బాగా పడిపోతది.

పిల్లలమర్రి: సగమే చెప్పిన్రు. ట్యాప్ సరిగ పనిచెయ్యని ఎలుక ఆర్ఎంఏ-ఎస్ కణాలను 26 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే ఖాళీ ఎంహెచ్‌సీ-1 కూడా పైకి వస్తది. 37కు తెచ్చినంక పెప్టైడ్ అందకుంటే విడిపోతది. అంటే పైకి వచ్చే దారి బాగానే ఉంది, నిలబడే బలమే లేదు.

దేవరకొండ: 26 డిగ్రీలా! మే నెలల నల్లగొండల మామూలు సీఓ2 ఇంక్యుబేటర్ వేడి చేస్తదే గానీ చల్లబర్చదు.

పిల్లలమర్రి: చల్లబర్చే బీఓడీ ఇంక్యుబేటర్ల పెట్టన్నా. సీఓ2 ఉండదు కాబట్టి మీడియంలో 25 మిల్లీమోలార్ హెపెస్ (ఆమ్లత మారకుండా చూసే బఫర్) కలిపి ఫ్లాస్క్ మూత బిగించాలె.

దేవరకొండ: మా బీఓడీ రెండు డిగ్రీలు అటూఇటూ ఊగుతది. 28కి పోతే?

పిల్లలమర్రి: లోపల థర్మామీటర్ పెట్టి చూడు. టీ2తో పెప్టైడ్ పరీక్షకైతే (పెప్టైడ్ ఏ2ను నిలబెడుతదా అని చూసేది) సీరం తీసెయ్యాలె, అందులోని ఎంజైములు పెప్టైడ్‌ను కొరికేస్తయి. 50 మైక్రోమోలార్ పెప్టైడ్, బీటా2-మైక్రోగ్లోబ్యులిన్ (ఎంహెచ్‌సీ-1లో భాగమైన చిన్న ప్రొటీన్) మిల్లీలీటరుకు 3 మైక్రోగ్రాములు, పక్కన డీఎంఎస్ఓ (పెప్టైడ్ కరిగించే ద్రావకం) మాత్రమే వేసిన కంట్రోల్. ఏ2ను గుర్తుపట్టే బీబీ7.2 యాంటీబాడీ ఐస్ మీద కలపాలె. సీరం లేక చచ్చిన కణాలు యాంటీబాడీని ఊరికే పట్టుకుంటయి, చచ్చిన కణాలకే అంటే రంగు ప్రొపిడియం అయొడైడ్‌తో వాటిని ఏరెయ్యాలె.

నల్లమల: ట్యాప్ లోపమున్న మనుషుల్లో ఎక్కువగా కనిపించేది ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు, చర్మం మీద గ్రాన్యులోమాలు (వాపు గడ్డలు). తీవ్రమైన వైరస్ జబ్బులు అంతగా రావు.

మిర్యాలగూడ ఇమ్యునో: ఉష్ణోగ్రత దగ్గరే తిరుగుతున్నరు. బయటి ప్రొటీన్లను మింగి టీ కణాలకు చూపెట్టే డెండ్రిటిక్ కణాల సంగతి చెప్పుండ్రి. ట్యాప్ నాకౌట్‌లో (ట్యాప్ జన్యువు తీసేసిన ఎలుకల్లో) క్రాస్ ప్రెజెంటేషన్, అంటే మింగిన ప్రొటీన్ ముక్కలను ఎంహెచ్‌సీ-1 మీద చూపెట్టుడు, పడిపోతది. ఫాగోసోమ్‌లోకి (మింగినదాన్ని దాచే సంచిలోకి) పెప్టైడ్లను మోసేది ట్యాపే.

పిల్లలమర్రి: ఇగో, అసలు పేచీ ఇక్కడ! నాకౌట్‌లో ఉపరితలం మీద ఎంహెచ్‌సీ-1 దాదాపు లేనప్పుడు ఫాగోసోమ్‌కు తిరిగొచ్చేది ఏముంటది? పెప్టైడ్ రాలేదా, పట్టుకునే ఎంహెచ్‌సీ లేదా, ఆ ప్రయోగం తేల్చలేదు. 2011లో 26 డిగ్రీలతో ఎంహెచ్‌సీ సరఫరా నిలబెట్టి చూస్తే ట్యాప్ లేకుండానే క్రాస్ ప్రెజెంటేషన్ జరిగింది, ప్రోటియాసోమ్ మాత్రం అవసరమైంది. మీరు 26ను పక్కకు నెట్టుడే నాకు మండుతుంది!

మిర్యాలగూడ ఇమ్యునో: చల్లబరిస్తే పొరల కదలికలు కూడా మారుతయి, అదొక్కటే సాక్ష్యం ఎట్లయితది? ట్యాప్‌ను అడ్డుకునే హెర్పిస్ వైరస్ ప్రొటీన్ ఐసీపీ47ను ఎంఆర్ఎన్ఏగా కణంలోకి పంపి ట్యాప్‌ను ఆపండి. పాత ఎంహెచ్‌సీ-1 ఇంకా పైన ఉండంగనే చూడొచ్చు.

పిల్లలమర్రి: ఎలుక ట్యాప్ మీద ఐసీపీ47 సరిగ పనిచెయ్యదు. మనిషి కణాలే తీసుకోవాలె. అప్పుడు కూడా గంటగంటకు ఉపరితలం మీద ఎంహెచ్‌సీ-1 కొలవాలె. అది తగ్గుడు మొదలైనంక వచ్చిన ఫలితాన్ని నేను ఒప్పుకోను.