అప్‌డేట్: జింజర్‌బ్రెడ్ బొమ్మలు ఈసారి కుదిరాయి

పోయిన వారం అడిగాను కదా, క్రిస్మస్‌కి చేసిన జింజర్‌బ్రెడ్ (శొంఠి, మసాలా పొడులు వేసే) బిస్కెట్లు ఓవెన్‌లో పరుచుకుపోయి నక్షత్రాలన్నీ గుండ్రంగా అవుతున్నాయని. జవాబులిచ్చిన అక్కలకు, అన్నలకు చాలా థాంక్స్. నిన్న మళ్లీ చేశాను.

అసలు తప్పు రెండుచోట్ల ఉంది. వంటసోడా ఎక్కువైంది, పిండిని చల్లబరచలేదు. ఈసారి 350 గ్రాముల మైదాకు సోడా పావు టీస్పూనే వేశాను. మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి చెరకు పాకం) నల్లగొండలో నాకు దొరకలేదు. అందుకే 150 గ్రాముల ముదురు రంగు బెల్లం కొద్ది నీళ్లతో కరిగించి, వడకట్టి, చల్లారాక 100 గ్రాముల వెన్న, ఒక గుడ్డు కలిపాను. శొంఠి, దాల్చినచెక్క, లవంగం పొడులు మామూలే. పిండి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాను. బొమ్మలు కోశాక ట్రేతో సహా ఇంకో 15 నిమిషాలు పెట్టాను. ఒక అక్క చెప్పిన ఈ రెండోసారి చల్లబరచడమే బొమ్మల ఆకారాన్ని నిలబెట్టింది! 175 డిగ్రీల్లో 10 నిమిషాలు చాలు. తీసినప్పుడు మెత్తగా ఉన్నా చల్లారితే గట్టిపడతాయి.

ఐసింగ్‌కి (పైన వేసే తీపి పూతకి) గుడ్డు తెల్లసొన, చక్కెర పొడి, నిమ్మరసం. మా వదిన కడుపుతో ఉంది, పచ్చి గుడ్డు వద్దని ఆమె బిస్కెట్లకు ఐసింగ్ తెల్లసొన బదులు పాలతో కలిపాను. అది అంత గట్టిగా ఆరదు, రుచి మాత్రం బాగుంది.

కాల్చకముందే స్ట్రాతో రంధ్రం పెట్టాను కాబట్టి, రిబ్బన్ కట్టి మా చర్చి చెట్టుకు వేలాడదీస్తున్నాం. పిల్లలు ఇప్పటికే లెక్కపెట్టుకుంటున్నారు.