బడి లైబ్రరీకి చట్టంలోనే డబ్బు రాయించాలంటే ఏమని అడగాలి?

చీరాల టీచర్:

అందరికీ నమస్కారం. చీరాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. లైబ్రరీ ఇన్‌ఛార్జినీ నేనే. లైబ్రరీ అంటే గది కాదు, స్టాఫ్ రూములో రెండు స్టీలు బీరువాలు. పోయిన వేసవి సెలవులకు ముందు కూర్చుని లెక్కపెట్టాను. స్టాకు రిజిస్టర్లో 846 పుస్తకాలున్నాయి, బీరువాల్లో 791. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చెయ్యి పెట్టి తీసుకునేవి 150కి మించవు. మిగతావన్నీ సిలబస్ మారిపోయిన పాత గైడ్లు, ఒకే పుస్తకం పన్నెండేసి ప్రతులు, మేం అడక్కుండానే పైనుంచి వచ్చిన సెట్లు. బళ్ళో పిల్లలు 430 మంది.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న మగ్గం నేస్తాడు. జూన్‌లో మొదలుపెట్టి దసరా సెలవుల్లోపు ఆ నూటయాభైలో కథల పుస్తకాలన్నీ చదివేసింది. "టీచర్, ఇంకేమన్నా ఉన్నాయా?" అని అడిగితే ఇంట్లోంచి నావి తెచ్చి ఇచ్చాను. అవీ అయిపోయాయి. ఇప్పుడు మొదటి పుస్తకం నుంచి మళ్ళీ చదువుతోంది. రెండోసారి చదవడం మంచిదే, కానీ ఆ పిల్ల మళ్ళీ చదువుతున్నది ఇష్టపడి కాదు, వేరేవి లేక.

నవంబర్‌లో గ్రంథాలయ వారోత్సవాలప్పుడు పిల్లల్ని వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. అందరూ అక్కడ దాచిన గాంధీగారి చేతికర్ర చుట్టూ చేరారు. ఈ అమ్మాయి మాత్రం అల్మారాల దగ్గరే నిలబడిపోయింది. "ఇన్ని పుస్తకాలు ఎవరు కొన్నారు టీచర్?" అంది. ఊళ్ళోవాళ్ళే 1918లో మొదలుపెట్టారమ్మా అని చెప్పాను. "మన బడికి ఎవరు కొంటారు?" అంది. ఆ ప్రశ్నే ఇక్కడికి తెచ్చాను.

నాకు తెలిసినంతలో ఇప్పుడున్నది ఇదీ. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ, దినపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల మీదా పుస్తకాలు ఉండాలనీ రాసి ఉంది. ఎన్ని పుస్తకాలు, ఎంత డబ్బు, ఎవరు చూసుకోవాలి అన్నది లేదు. పైగా ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే. మా తొమ్మిది, పది పిల్లలు దాని లెక్కలోకి రారు. సమగ్ర శిక్షలో లైబ్రరీ గ్రాంటు ఉంది, బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 దాకా. అది పథకం. పథకం డబ్బు ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు మార్చి నెలాఖరులో వస్తుంది. చట్టంలో ఉంటే అడిగే హక్కు ఉంటుంది.

వచ్చే నెల మా సంఘం తరఫున టీచర్ల ఎమ్మెల్సీ గారిని కలుస్తున్నాం. ఇంటిపన్నుతో కట్టే గ్రంథాలయ సెస్సులోంచి బడులకు వాటా ఇమ్మని చట్టం సవరించమందామా? లేక బడులకు వేరే చట్టమే అడుగుదామా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ లైబ్రేరియన్:

అమ్మా, 31 ఏళ్ళు శాఖా గ్రంథాలయాల్లో పనిచేశాను. మీ బాధ నాకు తెలుసు, మా దగ్గరికీ అలాంటి పిల్లలే వచ్చేవారు. కానీ సెస్సు జోలికి మాత్రం వెళ్ళొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

సెస్సు ఎంతో చూడండి. 1960 పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు. మొన్న నా రసీదు తీసి చూశాను, 1,240 రూపాయల ఇంటిపన్నుకు సెస్సు 99. పల్లెల్లో ఇంకా తక్కువ. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. అది ఎన్నాళ్ళకు జమవుతుందో ఈ శాఖలో పనిచేసిన ఎవర్నడిగినా చెబుతారు. ఆ కాస్తలోంచే పుస్తకాలు, పత్రికల బిల్లులు, అద్దెలు. అందులో బడికి వాటా అంటే ఊరి గ్రంథాలయం ఒక పత్రిక మానేసి మీకొక పుస్తకం కొనాలి. రెండు చోట్లా చదివేది అదే పిల్ల కదమ్మా.

అయితే మీరు చట్టమే కావాలనడం నూటికి నూరుపాళ్ళు సరైన మాట. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం చందాలతో, విరాళాలతో ఊరూరా గ్రంథాలయాలు నిలబెట్టింది. అయినా వాళ్ళు అక్కడితో ఆగలేదు, చట్టం అడిగారు. 1948లో మద్రాసు చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, ఆ రెండింటి స్థానంలో మన 1960 చట్టం వచ్చాయి. దాత పోతే డబ్బు పోతుంది. మా రాబడి ఆలస్యమైనా అసలంటూ ఉందంటే ఆ 8 పైసలు చట్టంలో ఉండబట్టే.

లా చదువుతున్నాను:

టీచర్ గారూ, ఎమ్మెల్సీ గారి దగ్గరికి వెళ్ళేముందు ఒక్క విషయం. రాష్ట్ర ఖజానా నుంచి బడికి ఇంత ఇవ్వాలని బిల్లులో రాస్తే, గవర్నర్ సిఫారసు లేకుండా సభ దాన్ని పాస్ చేయకూడదు. రాజ్యాంగం 207వ అధికరణం అది. అంటే ప్రభుత్వం ఒప్పుకుని తేవాల్సిందే. ద్రవ్య బిల్లయితే శాసనమండలిలో ప్రవేశపెట్టడమే కుదరదు, శాసనసభలోనే మొదలవ్వాలి. స్థానిక సంస్థలు స్థానిక అవసరాలకు వేసుకునే పన్నుల విషయంలో మినహాయింపు ఉంది కాబట్టి సెస్సు సవరణకు దారి కొంచెం సులువు. కానీ పైన పెద్దాయన చెప్పింది విన్నాక ఆ సులువు దారి నాకూ వద్దనిపిస్తోంది.

అందుకని ఎమ్మెల్సీ గారిని బిల్లు పెట్టమని అడక్కండి. గత మూడేళ్ళలో బడి లైబ్రరీలకు ఎంత విడుదలైంది, ఏ నెలలో విడుదలైంది అని సభలో ప్రశ్న వేయమనండి. జవాబు లిఖితపూర్వకంగా వస్తుంది. ఆ అంకెలు పట్టుకుని విద్యామంత్రి గారి దగ్గరికి వెళ్ళొచ్చు. మీ ఎమ్మెల్యే గారిని కూడా కలవండి, అసలు ఓటు అక్కడుంది.

మ్యాడిసన్ నుంచి:

నాది ఒంగోలు అండీ. ఉద్యోగం అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో. మా పాప బడి లైబ్రరీలో మా ఆవిడ వారానికొక పూట పుస్తకాలు సర్దడానికి వెళ్తుంది. ఈ పుస్తకాల డబ్బు ఎక్కడిదని అక్కడి లైబ్రేరియన్‌ను అడిగితే వచ్చిన జవాబు విని ఆశ్చర్యపోయాను.

ఈ రాష్ట్రం 1848లో రాసుకున్న రాజ్యాంగంలోనే బడుల కోసం ఒక నిధి ఉంది. నేరాలకు కోర్టులు వేసే జరిమానాలు ఆ నిధిలోకి వెళ్తాయి. అసలు మొత్తాన్ని ముట్టుకోరు. దాన్ని పెట్టుబడి పెడతారు, ఊళ్ళకూ బడులకూ అప్పులుగా ఇస్తారు. వచ్చిన ఆదాయాన్ని ఏటా బడి లైబ్రరీలకు పంచుతారు. పంచేది బడికింత అని కాదు, ఆ ప్రాంతంలో 4 నుంచి 20 ఏళ్ళ వయసువాళ్ళు ఎంతమంది ఉంటే అంత. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే పిల్లవాడికి 6 డాలర్ల 25 సెంట్లని చట్టంలోనే అంకె ఉంది.

ఒక లోటు కూడా చెప్పాలి. విస్కాన్సిన్ డబ్బు పుస్తకాలకూ సామగ్రికే, జీతాలకు కాదు. లైబ్రేరియన్ జీతం బడి బడ్జెట్ నుంచే రావాలి. మీరు అడిగేటప్పుడు మనిషిని కూడా కలిపి అడగండి.

లెక్కల మాస్టారు, విజయనగరం:

ఆ 846కీ 791కీ మధ్య 55 ఉన్నాయే, వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు మొదట కనబడింది అదే. చాలా బళ్ళలో బీరువాకు తాళం పడేది ఆ 55 వల్లే. ఆడిట్‌లో పుస్తకం తగ్గితే ఇన్‌ఛార్జి జీతంలో రికవరీ పెడతారని భయం. అందుకే కొత్త పుస్తకాలు వచ్చినా అట్టపెట్టెల్లోనే ఉంటాయి. నేనూ రెండేళ్ళు అలాగే తాళం వేసి ఉంచాను, ఆ రెండేళ్ళ పిల్లలకు నేను బాకీ ఉన్నాను.

కేంద్రం జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ రూలు చూడండి. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే అది మామూలు నష్టమే, నిర్లక్ష్యమో మోసమో ఉంటే తప్ప. కేంద్ర కార్యాలయాలకున్న ఆ వెసులుబాటు మన బడికి ఎందుకు ఉండకూడదు? ఇంకొకటి, గురుకులాల్లో లైబ్రేరియన్ పోస్టు ఉంటుంది, జిల్లా పరిషత్ బడికి ఇన్‌ఛార్జి. రెండు చోట్లా చదివేది అలాంటి పిల్లలే.

చీరాల టీచర్:

అందరికీ దండాలు. పెద్దాయన మాట విన్నాక సెస్సు వాక్యం కొట్టేశాను. మా ఊరి శాఖా గ్రంథాలయంలో పేపరు చదువుకునే ముసలాయన ముందునుంచి పేపరు లాగి నా పిల్లలకు పుస్తకం ఇవ్వలేను.

మాస్టారూ, ఆ 55 నాకంటే ముందునుంచీ తగ్గుతూ వచ్చినవి. కొన్ని ఎవరి ఇళ్ళలో ఉన్నాయో కూడా నాకు తెలుసు. అడగలేదు. చదువుతున్నారు.

వినతిపత్రం ఇప్పుడు ఇలా రాస్తున్నాను. బడికింత అని కాకుండా పిల్లకింత, అదీ రాష్ట్ర బడ్జెట్ నుంచి, జూలైలోపు బడి ఖాతాలో పడాలి. పదో తరగతి దాకా అందరూ లెక్కలోకి రావాలి. అందులో కనీసం సగం పుస్తకాలు ఆ బడి టీచర్లూ పిల్లలూ ఎంచుకున్నవి కావాలి. వెయ్యికి అయిదు పోతే రికవరీ ఉండకూడదు. 300 మంది దాటిన ప్రతి హైస్కూలుకూ లైబ్రేరియన్ పోస్టు మంజూరు చేయాలి, చిన్న బళ్ళకు రెండు మూడింటికి కలిపి ఒకరు. పిల్లకు ఎన్ని రూపాయలని అడగాలో ఇంకా తేల్చుకోలేదు. 100 అంటే మా బడికి ఏడాదికి 43,000. నాకది ఎక్కువనిపించడం లేదు.

ఈ శనివారం పేరెంట్స్ కమిటీ మీటింగులో తీర్మానం పెడుతున్నాను. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న కమిటీ సభ్యుడే, మొదటి సంతకం తనదే అన్నాడు. మీ బళ్ళలో కూడా తీర్మానం చేయించగలిగితే కాపీ ఫొటో ఇక్కడ పెట్టండి. రిజిస్టర్లో ఎన్ని, బీరువాలో ఎన్ని, పిల్లలు ఎందరు, ఈ మూడు అంకెలు అందులో ఉంటే చాలు. నెలాఖరులోపు వచ్చినవన్నీ వినతిపత్రానికి జతచేస్తాను.