పాత సావేజ్ 99 కొనేముందు ఏం చూడాలి?

పాత లివర్ యాక్షన్ రైఫిళ్లంటే (ట్రిగ్గర్ దగ్గరి మీటను కిందకీ పైకీ ఆడించి తూటా ఎక్కించేవి) నాకు ప్రాణం. ఇప్పుడొక సావేజ్ మోడల్ 99 అమ్మకానికి దొరికింది, .300 సావేజ్ కాలిబర్. తూటాలు ఒకదాని వెనక ఒకటి మొన ఆనించి పేర్చే ట్యూబ్ బదులు లోపల తిరిగే మ్యాగజైన్ (తూటాల అర) ఉంది కాబట్టి మొనదేలిన తూటాలు కూడా నిశ్చింతగా వాడొచ్చు. ఎన్ని తూటాలు మిగిలాయో ఎడమ పక్క చిన్న కిటికీలో అంకె కనిపిస్తుంది, అక్కడే మనసు పారేసుకున్నాను.

లివర్ మెత్తగా కదులుతోంది. కానీ రిసీవర్ (తూటా ఎక్కే నడిమి ఇనుప భాగం) వెనక, చెక్క ఇనుముకు ఆనే చోట వెంట్రుకంత సన్నని గీత ఉంది. అది పైపై గీతా, లోపలిదాకా పోయిన పగులా ఎలా తేల్చుకోవాలి? బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) విప్పి చూపించమని అమ్మేవాళ్లని అడగొచ్చా?

ఇంకోటి, బ్లూయింగ్ (ఇనుము మీది నీలి నలుపు పూత) మరీ నిగనిగలాడుతోంది, చెక్కిన అక్షరాల అంచులు మాత్రం అరిగిపోయాయి. పాలిష్ చేసి మళ్లీ వేయించారంటారా? వేటకే తీసుకుంటున్నా, ఒరిజినల్‌గా ఉంటేనే కొంటాను. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.