పదిహేను వేల షేవింగ్ బ్రష్: డబ్బు కుచ్చుకా, పిడికా?

కొత్తగడ్డం

సూటిగా అడుగుతున్నా. ఇప్పుడు చేతిలో ఉన్నది కుచ్చు మొదలు 24 మి.మీ. వెడల్పున్న సింథటిక్ బ్రష్, 600 రూపాయలది. చేత్తో చేసిన, బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకల బ్రష్‌లు, బ్రిటన్ సింప్సన్ కంపెనీ చబ్బీ 2 లాంటివి గానీ, అడిగినట్టు పిడి తోడి చేసిచ్చేవాళ్లవి గానీ, సుంకంతో కలిపి 15,000 దాటుతున్నాయి. ఈ తేడా గడ్డం మీద తెలుస్తుందా, అలమరలో పెట్టుకుని చూసుకోవడానికేనా? వాడేది గట్టి సబ్బు, క్రీమ్ కాదు. నీళ్లు బోరువి. షేవ్ రోజు విడిచి రోజు. ఇవి మనసులో పెట్టుకుని చెప్పండి.

నురగలెక్క

ఆ తేడా గడ్డం మీద తెలియదండీ. బ్రష్ చేసే పనులు మూడే. సబ్బుని ఎత్తుకోవాలి, దాంట్లో నీళ్లూ గాలీ కలపాలి, చర్మానికి అంటుకుని పడుకున్న వెంట్రుకని లేపి చుట్టూ తడి పట్టించాలి. ఇప్పుడొస్తున్న మెత్తని సింథటిక్ ఈ మూడూ చేస్తుంది. పాత నైలాన్ బ్రష్ సంగతి వేరు. అందులో పోగు మొదలు నుంచి కొసదాకా ఒకే లావు, కొస కత్తిరించి ఉంటుంది, చీపురు పుల్లలా గుచ్చుతుంది. ఇప్పటి పోగులు కొసకి వెళ్లేకొద్దీ సన్నబడతాయి.

సింథటిక్‌తో నురగ రావట్లేదనేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒక్కటే, నీళ్లు. బ్యాడ్జర్ వెంట్రుక కొంత నీటిని తనలోకి పీల్చుకుంటుంది. సింథటిక్ పోగు పీల్చదు. పోగుల సందుల్లో పట్టి ఉంచుకుని, నొక్కగానే ఒక్కసారి వదిలేస్తుంది. అప్పుడు సబ్బు పలచబడి చెంప మీద నుంచి కారిపోతుంది. కాబట్టి బ్రష్ ముంచి, గట్టిగా పిండి, మూడుసార్లు విదిలించాకే సబ్బు మీద పెట్టండి. 30 సెకన్లు తిప్పితే కొసలకి పేస్టులాంటి పొర పట్టాలి. ఆ తర్వాత వేళ్లు ముంచి నాలుగైదు చుక్కలు వేసి 15 సెకన్లు తిప్పండి, మళ్లీ చుక్కలు, మళ్లీ తిప్పడం. నాలుగు విడతలయ్యేసరికి గడ్డపెరుగు మీది మీగడలా మెరుపు రావాలి. మెరుపు లేకుండా మందంగా గోడసున్నంలా ఉంటే నీళ్లు చాలలేదు. బుడగలు విడివిడిగా కనిపిస్తుంటే ఎక్కువయ్యాయి. ఇది కుదిరితే 600 బ్రష్‌కీ 15,000 బ్రష్‌కీ నురగలో తేడా చెప్పడం కష్టం.

కత్తిసాన

నురగ ఒక్కటే కొలత అయితే నురగలెక్క గారితో నాకు పేచీ లేదు. పేచీ ఆ కొలతతోనే. బ్రష్ ముఖాన్ని తాకే వస్తువు. ఆ తాకిడిని చేతిపని ఎక్కడ మారుస్తుందో చెబుతాను.

మంచి కుచ్చు కట్టేవాళ్లు వెంట్రుకల్ని పొడవుని బట్టి వేరుచేస్తారు. తలకిందులుగా ఉన్న వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా ఏరేస్తారు, ఎందుకంటే మొదలు పైకి వచ్చిన వెంట్రుక ఒక్కటున్నా చెంప మీద ముల్లులా తెలుస్తుంది. తర్వాత తూకం వేసి, కొసలు కిందికి వచ్చేలా గిన్నెలాంటి చిన్న అచ్చులో పోసి, మెల్లగా తడుతూ సర్దుతారు. ఆ అచ్చు లోతే కుచ్చు తలకి ఆకారమిస్తుంది. గుండ్రంగా బల్బులా రావాలా, విసనకర్రలా విచ్చుకోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆపైన మొదళ్ల దగ్గర దారం బిగించి, జిగురు పట్టించి, మిగిలిన మొదళ్లు కోసేస్తారు. కత్తెర ఎప్పుడూ మొదలు వైపే. కొసల జోలికి పోకూడదు.

చవక రకాల్లో ఈ సర్దుడు ఉండదు. వెంట్రుకల్ని కట్టగా కట్టి, ఆకారం కోసం పైన కత్తిరించేస్తారు. సన్నటి సహజమైన కొస పోయి మొండి కొస మిగులుతుంది. ఎన్నాళ్లు వాడినా ఆ గుచ్చుడు తగ్గదు. భూతద్దంలో చూస్తే మీకే కనిపిస్తుంది. మంచి కుచ్చులో కొస సూదిలా సన్నబడుతూ పోతుంది, కత్తిరించినదాంట్లో కలం పాళీ విరిగినట్టుంటుంది.

ఇక ఒత్తు. 26 మి.మీ. కుచ్చు పిడి బయట 50 మి.మీ. ఎత్తు ఉంటే గట్టి సబ్బుకి సరిపడా బిగువు వస్తుంది. అదే కుచ్చు 60 దాకా బయటికి ఉంటే వాలిపోతుంది, క్రీమ్‌కి తప్ప పనికిరాదు. ఒత్తుగా నింపితే బిగువూ మెత్తదనమూ రెండూ దక్కుతాయి. ఒత్తుకి వెంట్రుక ఎక్కువ కావాలి, ధర అక్కడ పెరుగుతుంది. 600 బ్రష్‌లో మెత్తదనం దొరుకుతుంది, ఈ బిగువు దొరకదు.

పిడిపని

కత్తిసాన గారు కుచ్చు కట్టే పద్ధతి సరిగ్గా చెప్పారు. కానీ కొనేవాళ్లకి తెలియాల్సిన సంగతి ఒకటి మిగిలింది. ఈ ధరల్లో చేతిపని అని అమ్మే బ్రష్‌లు చాలావాటిలో చేతిపని పిడిదే. రెజిన్ దిమ్మని లేత్ మీద తోడి, నీటికాగితంతో దశలవారీగా నునుపు చేసి, మెరుగు పెట్టి, దాంట్లో చైనా నుంచి తెప్పించిన కుచ్చు దించుతారు. చైనాలో ఆ కుచ్చునీ చేత్తోనే కడతారు. అంటే చేతిపని అన్న మాట అబద్ధం కాదు, కాకపోతే అది రెండువేల బ్రష్‌కీ వర్తిస్తుంది. విడిగా కొంటే మామూలు బ్యాడ్జర్ కుచ్చు వెయ్యి నుంచి మూడు వేల మధ్యలో, మంచి సింథటిక్ కుచ్చు ఇంకా తక్కువలో వస్తుంది.

1919లో మొదలైన సింప్సన్ లాంటి పాత పేర్లు కుచ్చు కట్టే పనికే పేరు తెచ్చుకున్నాయి, వాటిని ఈ మాట కింద వెయ్యను. మిగతావాళ్లని డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: కుచ్చు ఎవరు కట్టారు? సమాధానం తిన్నగా రాకపోతే మీరు కడుతున్నది పిడికి.

పిడికి డబ్బు కట్టడం తప్పని నేను అనను. నాలుగు గంటల పనికి కూలి ఉండాలి. నా గొడవల్లా దాన్ని కుచ్చు నాణ్యతగా చెప్పి అమ్మడం గురించే.

ఒమేగా_పక్షం

అందరూ బ్యాడ్జర్, సింథటిక్ అని రెండు చివర్లే పట్టుకున్నారు. గట్టి సబ్బుకి పంది వెంట్రుకల బ్రష్‌ని మించింది లేదు. ఇటలీ ఒమేగా 10049 గానీ, పోర్చుగల్ సెమోగ్ గానీ, బ్యాడ్జర్ ధరలో పదో వంతుకే వస్తాయి.

కొత్తలో ముతకగా ఉంటుంది, నిజమే. వెంట్రుక కొస వాడకంలో రెండు మూడు పాయలుగా చీలుతుంది. చీలాకే మెత్తబడుతుంది. దానికి 20-30 సార్లు నురగ తీయాలి. త్వరగా కావాలంటే ఐదు రాత్రులు ఇలా చెయ్యండి: గోరువెచ్చని నీళ్లలో 5 నిమిషాలు నానబెట్టి, అరచేతిలో నురగ తీసి, ఆ నురగతోనే రాత్రంతా వదిలేసి, పొద్దున కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరడం ముఖ్యం. తడవడం, ఆరడం మారిమారి జరిగితేనే కొస చీలుతుంది. మొదట్లో వచ్చే పశువుల కొట్టం వాసన కూడా ఈ ఐదు రోజుల్లో పోతుంది. ఆ తర్వాత కూడా వాడే ప్రతిసారీ 3 నిమిషాలు నానబెట్టాలి. నానకపోతే నురగలోని నీళ్లు బ్రష్షే తాగేస్తుంది, నురగ ముఖం మీదే ఎండిపోతుంది. రాలేదని తిట్టేవాళ్లలో సగంమంది నానబెట్టనివాళ్లే.

బోరునీళ్లు_నల్గొండ

అన్నా, నువ్వు బోరు నీళ్లని రాసినవు, దాని గురించి ఎవ్వరు మాట్లాడలే. అసలు సంగతి ఆడనే ఉన్నది.

నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే సబ్బు వాటితోని కలిసి తెల్లటి జిడ్డు లెక్క విరుగుతది. గా జిడ్డు నీళ్లల్ల కరగదు. బ్రష్ మొదట్ల, పిడి అంచు దగ్గర పేరుకపోతది. బ్యాడ్జర్ ఎంత ఒత్తుగుంటే అంత ఎక్కువ పడుతది, అంత కష్టంగ పోతది. కొన్ని నెలలకు మొదలు బిరుసెక్కుతది, అక్కడనే వెంట్రుకలు విరుగుడు మొదలైతది. కుచ్చు నడిమిట్ల గుంత పడుతది. జనం బ్రష్ నాసిరకం అనుకుంటరు. గని కొంత జిడ్డు వల్ల, కొంత బ్రష్‌ను ముఖానికి నిలువుగ అదుముడు వల్ల.

రెండు పనులు చెయ్యి. నురగకు క్యాన్ నీళ్లు వాడు, ఒక గ్లాసు చాలు. కడుగుడు మాత్రం బోరు నీళ్లతోని అయినా, ఆఖరికి గా గ్లాసుల మిగిలిన నీళ్లతోని ఒకసారి తీసెయ్యి. నెలకోసారి 200 మి.లీ. గోరువెచ్చని నీళ్లల్ల ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చు మాత్రమే మునిగేటట్టు 5 నిమిషాలు తిప్పు. తర్వాత కొద్దిగ షాంపూ పెట్టి కడుగు. వెనిగర్ లేకుంటే పావు చెంచా నిమ్మ ఉప్పు. పిడి కొమ్ముదైనా చెక్కదైనా దానికి తగలనియ్యకు. వేడి నీళ్లు చెయ్యి పెడితే ఓర్చుకునేంతే. అంతకు మించితే వెంట్రుక పెళుసైతది, లోపలి జిగురు వదులైతది.

ఇంత చేసే ఓపిక లేకుంటే 15,000 పెట్టకు. సింథటిక్‌కు జిడ్డు అంత తొందరగ పట్టదు, పట్టినా షాంపూకే పోతది.

కత్తిసాన

బోరునీళ్లు గారి పోస్టు ప్రతి బ్రష్ డబ్బాలో పెట్టాల్సిన కాగితం. ఆరబెట్టడం గురించి ఒక మాట కలుపుతా. వేలాడదీయాలా, నిలబెట్టాలా అని వాదనలు నడుస్తుంటాయి. ఒత్తైన కుచ్చులో నీటిని వెంట్రుకల సందులే పట్టి ఉంచుతాయి, కాబట్టి ఎలా పెట్టినా పెద్ద తేడా రాదు. పిండి, విదిలించి, పొడి తువ్వాలు మీద అటూ ఇటూ పది సార్లు రాస్తే సగం పని అయిపోతుంది. గాలి తగిలే చోట ఉంచాలి. కాకినాడ, విశాఖ తేమలో, అందులోనూ వానాకాలంలో, బ్యాడ్జర్‌కి ఒక రోజు చాలదు. రోజు విడిచి రోజు షేవ్ అయితే గండం లేదు. రోజూ అయితే రెండు బ్రష్‌లు మార్చి వాడాలి.

మూసి దాచేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. ఉన్నిబట్టల్ని కొరికే పురుగు బ్యాడ్జర్ వెంట్రుకనీ తింటుంది. పూర్తిగా ఆరాకే గాలి చొరని సంచిలో పెట్టండి.

నురగలెక్క

అయితే చూడండి. ఒక బ్రష్‌కి నెలనెలా వెనిగర్, క్యాన్ నీళ్లు, తోడుగా రెండో బ్రష్, పురుగు కాపలా. ఇంకోదానికి కడిగి నిలబెడితే కొన్ని గంటల్లో ఆరిపోతుంది. బిగువు కావాలంటే 50 మి.మీ. ఎత్తులో దించిన 26 మి.మీ. సింథటిక్ కొనండి, అదీ దొరుకుతుంది. బ్యాడ్జర్ అయితే ఇరవై ఏళ్లు మన్నుతుందని కొందరు చేసే వాదన కూడా లెక్కకి నిలవదు. 600 బ్రష్ ఐదేళ్లు వచ్చినా ఇరవై ఏళ్లకి 2,400.

వెన్నెల_కే

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. బ్యాడ్జర్ వెంట్రుక వచ్చేది ఎక్కువగా చైనా నుంచి, చంపిన జంతువు చర్మం నుంచి. 2018లో అక్కడి ఫారాల మీద జంతుహక్కుల సంస్థ పీటా వీడియో బయటికొచ్చాక కొన్ని కంపెనీలు బ్యాడ్జర్ వాడకం ఆపేశాయి. సింథటిక్ ఇంత బాగున్నప్పుడు నాకు ఈ ప్రశ్న ఇక్కడే ముగుస్తుంది. మెత్తదనం ఇందుకు జవాబు కాదు.

కత్తిసాన

వెన్నెల గారూ, దానికి నా దగ్గర అడ్డు మాట లేదు. ఆ కారణంతో వద్దనుకుంటే అది న్యాయమైన కారణమే. కొనేవాళ్లకి మాత్రం నకిలీల గురించి చెప్పాలి. ఈ మోసం పాతది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుర్రం వెంట్రుకల్ని బ్యాడ్జర్‌లా కనిపించేట్టు చేసి అమ్మారు. సరిగ్గా శుద్ధి చెయ్యని ఆ బ్రష్‌ల వల్ల బ్రిటన్, అమెరికా సైనికులకు ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడు ఆ భయం లేదు గానీ, పంది వెంట్రుకకి తెలుపు-నలుపు-తెలుపు పట్టీలు అద్ది బ్యాడ్జర్ పేరుతో అమ్మడం ఉంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి తెల్ల గుడ్డ మీద రాయండి. నల్లరంగు దిగితే అద్దకమే. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని బ్యాడ్జర్ నాణ్యతకి పెట్టే మెట్లకీ అందరూ ఒప్పుకున్న కొలత లేదు, ఒకరి బెస్ట్ ఇంకొకరి సూపర్.

కొత్తగడ్డం

చాలా సాయమైంది. బ్యాడ్జర్ మాట వదిలేశాను. పిడిపని గారూ, ఇంట్లో పాత ఇత్తడి పిడి ఒకటుంది, వెంట్రుకలన్నీ పోయాయి. దాంట్లో సింథటిక్ కుచ్చు దించుకోవచ్చా?

పిడిపని

దించుకోవచ్చు. నా దృష్టిలో మీకు సరైన కొనుగోలు ఇదే. పాత జిగురు రాయిలా ఉంటుంది. డ్రిల్లుకి సన్న బిట్టు పెట్టి నడిమి నుంచి కొద్దికొద్దిగా తోడి, చివరి పొర చిన్న ఉలితో గీకండి. ఇత్తడి గనక కొంచెం వేడి చేసినా పాత జిగురు మెత్తబడుతుంది. గుంత లోపలి వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. కుచ్చు మొదలు దానికంటే అర మి.మీ. తక్కువ ఉండాలి. అంగడివాళ్లు చెప్పే కొలత ఒక్కోసారి తలదగ్గరిది, మొదలు దగ్గరి కొలత అడిగి తీసుకోండి.

జిగురు పెట్టకముందే ఎత్తు తేల్చుకోవాలి. గుంత అడుగున వాషర్లు వేసి కుచ్చు ఊరికే నిలబెట్టండి, 50 మి.మీ. బయట ఉండేలా. చెంప మీద తిప్పి చూడండి. మెత్తగా వాలుతుంటే ఒక వాషర్ తీసేస్తే ఇంకా కిందికి దిగి బిగుస్తుంది. కుదిరాక నెమ్మదిగా గట్టిపడే అరాల్డైట్ కందిగింజంత చాలు, అడుగున, పక్క గోడకి పల్చగా. ఇక్కడే అందరూ ఎక్కువ పోస్తారు. ఎక్కువైన జిగురు పోగుల సందుల గుండా పైకి పాకి మొదట్లో రాయిలాంటి ముద్ద కడుతుంది, ఇక ఆ బ్రష్ విచ్చుకోదు. దించాక కుచ్చు కొసల్ని ఒక కాగితపు గొట్టంలో పెట్టి నిటారుగా నిలిపి, ఒక రోజు పూర్తిగా కదపకండి. 24 గంటలయ్యాకే నీళ్లు.